డప్పు దెబ్బకు గొంతు ఎందుకు మునుగుతోంది?

గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉన్నవాళ్లు ఇప్పుడు పాట రికార్డు చేసుకోవడానికి హైదరాబాద్ బస్సెక్కనక్కర్లేదు. ఒక గది, ల్యాప్‌టాప్, రెండు మైకులు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు, జానపద పాట తయారై యూట్యూబ్‌లోకి ఎక్కుతోంది. ఇలా ఇంట్లో తయారయ్యే పాటల్లో తరచూ వినిపించే జబ్బు ఒకటుంది. డప్పు మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ పాడేవాళ్ల గొంతు లోపలికి పోతుంది, దెబ్బ దాటగానే మళ్లీ పైకి లేస్తుంది. పల్లవి పొడుగునా ఇదే వరస. ఏం చేశారని అడిగితే "మాస్టర్ మీద కంప్రెసర్ పెట్టినం, పాటకు బరువు వస్తదని" అంటారు. పెట్టడంలో తప్పు లేదు, పెట్టిన తీరులోనే ఉంది తిరకాసు.

ల్యాప్‌టాప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కంప్రెసర్‌తోనూ ఈ జబ్బు వస్తుంది. ఇక్కడ మాట్లాడుకునేది మాత్రం చేత్తో తిప్పే నాబ్‌లున్న అసలు పెట్టె గురించి. జాతర్లకు, పెళ్లిళ్లకు సౌండ్ అద్దెకిచ్చే మైక్‌సెట్ వాళ్ల ర్యాకుల్లో డీబీఎక్స్, బెహ్రింగర్ లాంటి కంపెనీల రెండు చానెళ్ల కంప్రెసర్లు కనిపిస్తాయి. అలాంటిదొకటి రెండు రోజులకు అడిగి తెచ్చుకుని, పూర్తయిన స్టీరియో మిక్స్‌ను అందులోంచి పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కంప్రెసర్ అసలు చేసేదేమిటి?

శబ్దం ఒక గీత దాటితే తగ్గిస్తుంది, అంతే. ఆ గీత పేరు థ్రెషోల్డ్. దాటినదాన్ని ఎంత తగ్గించాలో చెప్పేది రేషియో. 4:1 అంటే గీత దాటి 8 డెసిబెల్స్ పైకి వెళ్లిన శబ్దం 2 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. తగ్గించడం ఎంత త్వరగా మొదలవ్వాలో అటాక్ చెబుతుంది, ఎంత త్వరగా వదలాలో రిలీజ్ చెబుతుంది. తగ్గిన మొత్తాన్ని చివర్లో మళ్లీ పెంచేది అవుట్‌పుట్ గెయిన్.

ఈ పని పుట్టింది రేడియోలో. గాయకుడు ఒక్కసారిగా గొంతెత్తితే ట్రాన్స్‌మిటర్ ఓవర్‌లోడ్ అయ్యేది. అందుకని ఆపరేటర్ నాబ్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ఆ చేతి బదులు పనిచేయడానికి వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1937లో 110-ఎ అనే లిమిటింగ్ ఆంప్లిఫయర్‌ను తెచ్చింది. తర్వాత రెయిన్ నార్మా రూపొందించిన ఫెయిర్‌చైల్డ్ 670 వచ్చింది. 20 వాల్వులు, దాదాపు 30 కిలోల బరువు, గ్రామఫోన్ రికార్డులు కోసే స్టూడియోల కోసం చేసిన స్టీరియో పెట్టె. 1971లో డీబీఎక్స్ కంపెనీ పెట్టిన డేవిడ్ బ్లాక్‌మర్, కరెంటు ఒత్తిడితో శబ్దాన్ని పెంచి తగ్గించే వీసీఏ సర్క్యూట్‌ను చిన్నగా, చవగ్గా మార్చే దారి వేశాడు. మన మైక్‌సెట్ ర్యాకులో ఒక అంగుళంముప్పావు ఎత్తున ఉండే పెట్టె ఆ వంశానిదే.

మరి మొత్తం మిక్స్‌కు కంప్రెసర్ ఎందుకు?

ఒక్క గొంతుకు వాడితే దాని ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. మొత్తం మిక్స్‌కు వాడితే ఇంకొకటి జరుగుతుంది. డప్పు, కోరస్, హార్మోనియం, గొంతు అన్నీ ఒకే చేతి కింద కదులుతాయి కాబట్టి, విడివిడిగా రికార్డు చేసినవి కూడా ఒక గదిలో కలిసి వాయించినట్టు వినిపిస్తాయి. ఇంట్లో ఒక్కొక్క వాద్యాన్ని వేరువేరు రోజుల్లో రికార్డు చేసేవాళ్లకు దీని అవసరం ఎక్కువ.

అయితే ఒకే చేతి కింద కదలడమే జబ్బుకు కూడా మూలం. మిక్స్‌లో అన్నిటికన్నా ఎత్తు లేచేది డప్పు దెబ్బ. కంప్రెసర్ దాన్ని చూసి తగ్గిస్తుంది, దాంతోపాటు ఆ క్షణంలో ఉన్న గొంతునూ తగ్గిస్తుంది. గొంతు చేసిన తప్పేమీ లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉన్న పాలమూరు వాద్యాలతో ఈ చిక్కు మరీ ఎక్కువ. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాయించే 12 మెట్ల కిన్నెరనే తీసుకోండి. 2022లో ఆయనకు పద్మశ్రీ తెచ్చిన ఆ వాద్యం వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, తీగతో చేసినది. తీగ మోత సన్నగా ఉంటుంది, పక్కన కూర్చుని వినాల్సిన వాద్యం. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు వినిపించి, తర్వాత పెద్ద దరువు అందుకుంటుంది. అలాంటి పాట మీరూ చేయబోతే, సన్నని తీగకూ పెద్ద దరువుకూ ఒకే థ్రెషోల్డ్ సరిపోదు. కిన్నెర భాగానికి గీతే తగలదు, దరువు వచ్చాక మాత్రం పెట్టె ఊపిరాడకుండా నొక్కుతుంది. అలాంటప్పుడు ముందు ఫేడర్‌తో చేత్తోనే ఆ రెండు భాగాల మధ్య దూరం కొంత తగ్గించి, ఆ తర్వాతే పెట్టెకు పంపాలి.

వైర్లు ఎలా కలపాలి?

నాలుగు అవుట్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ అయితే తేలిక. 1, 2 స్పీకర్లకు పోతాయి. 3, 4 నుంచి రెండు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు కంప్రెసర్ ఇన్‌పుట్లకు, దాని అవుట్‌పుట్ల నుంచి మరో రెండు కేబుళ్లు ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్లకు. మైక్ ఇన్‌పుట్‌కు కాదు, లైన్ ఇన్‌పుట్‌కు. సాఫ్ట్‌వేర్‌లో మిక్స్‌ను 3, 4కు పంపి, తిరిగొచ్చేదాన్ని కొత్త స్టీరియో ట్రాక్‌లో రికార్డు చేయాలి. ఆ కొత్త ట్రాక్ పొరపాటున కూడా 3, 4కు పోకూడదు. పోతే శబ్దం గిరగిరా తిరిగి కూత పెడుతుంది. అందుకే మొదటిసారి స్పీకర్లు బాగా తగ్గించి పెట్టండి.

రెండే అవుట్‌పుట్లుంటే పని జరగదని కాదు, ఇబ్బంది పడాలి. స్పీకర్ల కేబుళ్లు పీకి పెట్టెకు ఇచ్చి, తిరిగొచ్చే శబ్దాన్ని డైరెక్ట్ మానిటర్ ద్వారా హెడ్‌ఫోన్‌లో వినాలి. హెడ్‌ఫోన్‌లోకి మిక్స్ కూడా కలిసి వస్తుంటే మాత్రం మీరేం వింటున్నారో మీకే తెలియదు. అలాంటి ఇంటర్‌ఫేస్‌తో ఈ ప్రయోగం వద్దనే అంటాను.

ఇక 'గుయ్' మనే హమ్ము. 50 హెర్ట్జ్ కరెంటు రెండు దారుల్లో ఎర్త్ అయినప్పుడు వచ్చే గోల ఇది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, సగం సార్లు అక్కడే పోతుంది. తర్వాత అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. అప్పటికీ పోకపోతే బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో ఒక వైపు షీల్డ్ తీగను విడదీయించవచ్చు. ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మైక్‌సెట్ పనిలో ఈ అలవాటు ఉంది. లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే పెట్టె రేకు మీదికే వస్తుంది, మీ చెయ్యి ఉండేది ఆ రేకు మీదే.

లెవల్ ముందు ఎందుకు చూడాలి?

నాబ్‌ల మీద ఉన్న అంకెలు పెట్టెవి, మీ ల్యాప్‌టాప్‌వి కావు. థ్రెషోల్డ్ 0 దగ్గర పెట్టమని ఎవరో చెప్పిన సలహా మీకు ఎందుకు పనిచేయదంటే, మీ ఇంటర్‌ఫేస్ ఎన్ని వోల్టులు బయటికి పంపుతోందో ఆ చెప్పినాయనకు తెలియదు. ప్రొఫెషనల్ లైన్ లెవల్ +4 డీబీయూ, వోల్టుల్లో 1.228. ఇళ్లలో వాడే సామానుది −10 డీబీవీ, అంటే 0.316 వోల్టు. ఈ రెంటికీ తేడా దాదాపు 12 డెసిబెల్స్. కొన్ని పెట్టెల వెనక +4, −10 అని స్విచ్ ఉంటుంది. ముందు దాన్ని +4 వైపు పెట్టండి.

తర్వాత కొలవాలి. సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ సైన్ టోన్ పుట్టించి −18 డీబీఎఫ్‌ఎస్ దగ్గర ప్లే చేయండి. ఇలాంటి సైన్ టోన్‌కు కొన్ని మీటర్లు పీక్ చూపిస్తాయి, కొన్ని ఆర్‌ఎంఎస్ చూపిస్తాయి, ఏదో ఒకదాన్నే పట్టుకుని అదే చివరిదాకా వాడండి. స్పీకర్లు ఆపేయండి. 3వ అవుట్‌పుట్ కేబుల్ చివర జాక్ కొన మీద మల్టీమీటర్ ఒక పుల్ల, దాని వెనక రింగు మీద రెండో పుల్ల పెట్టి ఏసీ వోల్టులు చూడండి. కిలోహెర్ట్జ్ టోన్ కాకుండా 100 హెర్ట్జ్ ఎందుకంటే, మామూలు మల్టీమీటర్ గోడ కరెంటు కొలవడానికి చేసినది, 400 హెర్ట్జ్ దాటితే తప్పుగా చూపించేవి ఎన్నో. ఇంకో సంగతి: బజారులో దొరికే అతి చవక పసుపు మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల దగ్గరే మొదలవుతుంది. దానితో ఈ కొలత తేలదు. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్నది టీవీ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి.

1.2 వోల్టు దగ్గర చూపిస్తే మీ −18 సరిగ్గా +4 డీబీయూ. 0.6 చిల్లర చూపిస్తే −2 డీబీయూ. అంటే 6 డెసిబెల్స్ తక్కువ. అందులో కంగారేమీ లేదు, పుస్తకంలో చెప్పిన థ్రెషోల్డ్ కన్నా మీది 6 డెసిబెల్స్ కిందికి వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. మిక్స్ సగటు −18 దగ్గర, పీకులు −6 దాటకుండా పంపండి. మిక్స్‌ను ల్యాప్‌టాప్‌లో ముందే 0 దాకా నొక్కి పంపితే పెట్టెకు నొక్కడానికి ఏమీ మిగలదు.

రెండు చానెళ్లూ సమానంగా ఉన్నాయా అని కూడా ఇక్కడే చూడాలి. కంప్రెసర్ బైపాస్‌లో పెట్టి, ఒకే గొంతును రెండు చానెళ్లలోంచి పంపి రికార్డు చేయండి. రెంటిలో ఒకదాని ఫేజ్ తిప్పి, రెంటినీ మోనోలో కలిపి వినండి. దాదాపు నిశ్శబ్దం రావాలి. గొంతు సన్నగా వినిపిస్తే చానెళ్ల మధ్య కొంచెం తేడా ఉంది, ఇంటర్‌ఫేస్‌లో ఒక వైపు ఇన్‌పుట్ గెయిన్ తిప్పి సరిచేయండి. నిశ్శబ్దం బదులు ఇంకా గట్టిగా వినిపిస్తే ఒక కేబుల్‌లో తీగలు తారుమారుగా టంకం వేశారన్నమాట. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హెడ్‌ఫోన్‌లో ఆ పాట వెడల్పుగా, గొప్పగా ఉన్నట్టే ఉంటుంది. ఆటోలో పెట్టిన చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో మాత్రం ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, నడిమధ్య ఉండాల్సిన గొంతు మాయమవుతుంది.

స్టీరియో బటన్ ఎందుకు నొక్కాలి?

డప్పును ఎడమ వైపు పెట్టారనుకోండి. బటన్ నొక్కకపోతే దెబ్బ పడ్డప్పుడు ఎడమ చానెల్ ఒక్కటే తగ్గుతుంది. మధ్యలో ఉన్న గొంతు ఆ క్షణం కుడి వైపు జరుగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. హెడ్‌ఫోన్‌లో వింటే తల తిరుగుతుంది. డీబీఎక్స్ పెట్టెల్లో ఈ బటన్ పేరు స్టీరియో కపుల్. నొక్కాక మొదటి చానెల్ నాబ్‌లే రెంటికీ పెత్తనం చేస్తాయి, రెండో చానెల్‌వి తిప్పినా ఫలితం ఉండదు.

ఇంకో రెండు బటన్ల సంగతి. ఈ పెట్టెల్లో ఎడమ చివర గేట్ లేదా ఎక్స్‌పాండర్ ఉంటుంది. జాతర్లో ఖాళీ మైకులు మూసేయడానికి మైక్‌సెట్ అన్న దాన్ని ఎక్కడో పెట్టి ఉంటాడు. మిక్స్‌కు అది పూర్తిగా ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే కిన్నెర తీగ మోత తోక మధ్యలోనే తెగుతుంది, మీరు కారణం ల్యాప్‌టాప్‌లో వెతుకుతూ కూర్చుంటారు. ఇక ఆటో బటన్. చాలా డీబీఎక్స్ పెట్టెల్లో అది నొక్కి ఉంటే అటాక్, రిలీజ్ నాబ్‌లు పనిచేయవు. వాటిని ఎంత తిప్పినా తేడా తెలియడం లేదని మీ చెవులను అనుమానించే ముందు ఆ బటన్ చూడండి.

నాబ్‌లు ఏ వరసలో తిప్పాలి?

ఎక్కువమంది థ్రెషోల్డ్‌తో మొదలుపెడతారు. నా మాట వింటే అది చివరిది. ముందు కావాలనే అతిగా నొక్కండి. రేషియో 10:1, గెయిన్ రిడక్షన్ లైట్లు 10 డెసిబెల్స్ పైన వెలిగేదాకా థ్రెషోల్డ్ కిందికి, రిలీజ్ వేగంగా. పాటలో అన్ని వాద్యాలూ మోగే చోటు ఒక పది సెకన్లు తీసుకుని తిప్పి తిప్పి వినండి. ఘోరంగా ఉంటుంది. ఉండాలి. ఇంత అతిగా ఉన్నప్పుడే అటాక్ ఏం చేస్తోందో చెవికి తెలుస్తుంది.

ఇప్పుడు అటాక్ ఒక్కటే తిప్పండి, గొంతును కాకుండా డప్పును వినండి. డప్పు దెబ్బలో రెండు భాగాలుంటాయి. సిర్ర తోలుకు తగిలినప్పుడు పుట్టే 'టక్', దాని వెనకే వచ్చే తోలు మోత. అటాక్ అతి వేగంగా ఉంటే 'టక్' ఉండదు, దెబ్బ మొద్దుబారిపోతుంది. నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే ఒక చోట 'టక్' తిరిగొస్తుంది. అది పూర్తిగా బయటపడ్డాక ఆపండి. సాధారణంగా 10 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఎక్కడో దొరుకుతుంది. పెద్ద స్టూడియోల్లో పేరున్న ఎస్‌ఎస్‌ఎల్ బస్ కంప్రెసర్‌లో అటాక్ 0.1 నుంచి 30 దాకా ఆరు మెట్లే. మిక్స్‌కు చాలామంది చివరి రెండు మెట్లలోనే ఉంటారు.

రిలీజ్ దరువును బట్టి. నిమిషానికి 110 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ నడుమ దాదాపు 545 మిల్లీసెకన్లు. 60,000ను మీ పాట వేగంతో భాగిస్తే వచ్చేది ఇదే. తర్వాతి దెబ్బ పడేలోగా రిడక్షన్ లైట్లు ఆరిపోవాలి, దెబ్బ పడగానే మళ్లీ వెలగాలి. లైట్లు ఎప్పటికీ ఆరకుండా ఉంటే రిలీజ్ నెమ్మది, పాట అంతా అణిగి ఉంటుంది. మరీ వేగంగా పెడితే ఇంకో గొడవ. 50 హెర్ట్జ్ మోత ఒక్క చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ దాని దగ్గరికి వస్తే కంప్రెసర్ ప్రతి అలలోనూ పైకీ కిందికీ కదిలి, మోత గరగరలాడుతుంది. ఆ గరగర డప్పు చినిగిందేమోనన్న అనుమానం పుట్టిస్తుంది.

ఇప్పుడు రేషియో 2:1కు దించండి. అతి అంతా సర్దుకుంటుంది. చివరగా థ్రెషోల్డ్ పైకి ఎత్తుతూ, దెబ్బల దగ్గర 2 డెసిబెల్స్, మహా అయితే 3 తగ్గేలా ఆపండి. పల్లవి మధ్యలో ఒక్కోసారి లైటు అసలు వెలగకపోయినా దిగులుపడకండి.

ఇంతా చేశాక కూడా గొంతు మునుగుతుంటే?

అప్పుడు నేరం కింది మోతది. డప్పు తోలు మోతా, దాని కింద కీబోర్డుతో కలిపిన బేసూ చెవికి అంత గట్టిగా తెలియకపోయినా వోల్టుల్లో భారీగా ఉంటాయి. పెట్టె చూసేది వోల్టులనే. ఖరీదైన పెట్టెల్లో సైడ్‌చెయిన్ ఫిల్టర్ అని ఒకటుంటుంది. 80, 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కంప్రెసర్ కంటికి కనబడకుండా దాస్తుంది, శబ్దంలోంచి మాత్రం తీసేయదు. మీ పెట్టె వెనక సైడ్‌చెయిన్ జాక్ ఉంటే, ఒక ఈక్వలైజర్‌ను అక్కడ తగిలించి కింది మోత తగ్గిస్తే అదే పని జరుగుతుంది. అదీ లేకపోతే మిక్స్‌లోకి వెళ్లి బేసును 2 డెసిబెల్స్ తగ్గించడమే. నిజానికి ఎక్కువ పాటలకు మొదట చేయాల్సింది అదే.

డప్పు విషయంలో ఒక స్థానిక చిక్కు కూడా ఉంది. వాయించే ముందు మంట మీద కాచి తోలు బిగిస్తారు. కాచిన వెంటనే తీసిన టేకులో 'టక్' పదునుగా, మోత పొట్టిగా ఉంటుంది. సేపు గడిచి తోలు చల్లారి వదులైతే మోత కిందికి దిగి సాగుతుంది. ఒకే పూటలో రికార్డు చేసిన మూడు పాటలకూ ఒకే సెట్టింగ్ పెడితే, మొదటి పాటలో బాగా కుదిరినది మూడో పాటలో పంపు కొట్టినట్టు ఊగుతుంది. పాట మారితే అటాక్, రిలీజ్ మళ్లీ వినాల్సిందే. వనపర్తి వైపు బతుకమ్మ కోరస్‌లు చేసేవాళ్లకు డప్పు స్థానంలో చప్పట్లు. చప్పట్లలో కింది మోత ఉండదు కాబట్టి అక్కడ ఫిల్టర్‌తో పనిలేదు, అటాక్ నెమ్మదిగా ఉంటే చాలు.

బాగుపడిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అవుట్‌పుట్ గెయిన్ తిప్పగానే పాట బాగున్నట్టు అనిపిస్తుంది. అది గెయిన్ మహిమ. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మనిషి చెవి దాన్నే మెచ్చుకుంటుంది. అందుకే తిరిగొచ్చిన ట్రాక్‌నూ అసలు మిక్స్‌నూ లౌడ్‌నెస్ మీటర్‌తో చూసి, రెండూ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఉండేలా సర్ది, ఏది ఏదో తెలియకుండా వేరేవాళ్లచేత మార్పించుకుని వినండి. ఎలాగూ యూట్యూబ్ −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాటిన పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. గట్టితనం కోసం నొక్కి చంపిన డప్పు అక్కడ ఊరికే చచ్చినట్టే.

సమానం చేసి విన్నాక అసలు మిక్సే బాగుంటే పెట్టెను వదిలేయండి. మామూలు అద్దె పెట్టె ల్యాప్‌టాప్‌లో ఉచితంగా వచ్చే కంప్రెసర్ కన్నా గొప్పదని నేను చెప్పను. దాని సుగుణం వేరే. ఎదురుగా చేతికి ఐదే నాబ్‌లు, చూడ్డానికి గ్రాఫ్ లేదు, కాబట్టి వినక తప్పదు. దీనికోసం అప్పు చేసి కొత్త పెట్టె కొనేకంటే, ఆ డబ్బుతో గది గోడలకు మందపాటి బొంతలు కట్టించడం మేలు.

బాగుంటే మాత్రం పాట మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి రికార్డు చేయండి. పెట్టెను ముందే ఒక అరగంట ఆన్‌లో ఉంచండి. 24 బిట్, వీడియోకు కాబట్టి 48 కిలోహెర్ట్జ్. ఐదు నిమిషాల పాటకు ఐదు నిమిషాలూ పడుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. యూపీఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌కు కాదు, ఇంటర్‌ఫేస్‌కూ కంప్రెసర్‌కూ పెట్టండి. తిరిగొచ్చిన ట్రాక్‌ను అసలు మిక్స్‌తో కలిపి వాడాలనుకుంటే ముందు ఒక క్లిక్ శబ్దం పంపి, అది ఎన్ని శాంపిళ్లు ఆలస్యంగా వచ్చిందో చూసి వెనక్కి జరపాలి. జరపకుండా కలిపితే గొంతు బావిలోంచి వస్తున్నట్టుంటుంది.

నాబ్‌లకు ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. ఒకటి మీ పాట సెట్టింగ్‌ది, వారం తర్వాత పాడినాయన చరణంలో మాట మార్చమంటే అదే కావాలి. ఇంకొకటి పెట్టె చేతికి రాగానే, ఏ నాబూ ముట్టుకోకముందే తీయాల్సినది. మైక్‌సెట్ అన్న తన గేట్, తన థ్రెషోల్డ్ పెట్టుకున్న చోట్లు అందులో ఉంటాయి. తిరిగి ఇచ్చే ముందు వాటిని అలాగే పెట్టి ఇవ్వండి. మరునాడు గద్వాల జమ్ములమ్మ జాతర్లో మైకు కూత పెడితే ఆయన అడిగేది మిమ్మల్నే.